పెత్తనము పోయిన పీడన మగునా?

మగని కొట్టి మొగసాల కెక్కినట్లని మనవారిలో ఒక సామెత కలదు. సామెత మోటుదే గాని అందలి లోకజ్ఞానము మోటుది కాదు. దెబ్బ తిన్నవాడు లోపల మూలుగుచుండగా కొట్టినవారు వీధి కెక్కి మొఱ్ఱ పెట్టుకొనుట లోకమున అరుదు కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో సంప్రదాయవాద క్రైస్తవ రాజకీయపక్షమువారు చేయుచున్న ఆక్రందనమును గూర్చి చదివినప్పుడెల్ల నాకు ఈ సామెతయే జ్ఞప్తికి వచ్చుచున్నది. తమ మతము పీడింపబడుచున్నదనియు, తమ దేశమున తామే పరాయివారైపోయితిమనియు వారు సభలలో చెప్పుచున్నారు, న్యాయస్థానములలో చెప్పుచున్నారు, వోట్లడుగుచు చెప్పుచున్నారు. ఆ మాట నిజము కాదు. నిజము కాకపోవుటయే గాక, నిజముగా పీడింపబడుచున్న వారికి అది కీడు చేయుచున్నది. ఈ సంగతి చెప్పుటకే ఈ వ్యాసము.

సాంస్కృతిక సంచికలో అమెరికా రాజకీయ మేల యని చదువరులు అడుగవచ్చును. మన కుటుంబములలో పిల్లలు ఆ దేశమున లేని ఇల్లు నేడు తక్కువ. అది యొక కారణము. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. తరతరములుగా పరభాషాప్రాంతములలో కాపురముండి, అల్పసంఖ్యాకుల బ్రదుకు ఎట్టిదో అనుభవించి యెఱిగినవారము మనము. పీడనమను మాటకు విలువ తగ్గినచో ముందుగా నష్టపోవువారు మనవంటివారే.

మొదటనే ఒక సంగతి స్పష్టము చేయుదును. నేను క్రైస్తవ మతమును గూర్చి వ్రాయుటలేదు. మన చదువరులలో క్రైస్తవ కుటుంబములు కలవు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన క్షామములో ఒంగోలు ప్రాంతపు పేదలకు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో పని కల్పించి ప్రాణములు నిలిపిన క్లౌ దొర అమెరికా బాప్టిస్టు మిషనరీయే. నా వాదము మతముతో కాదు. మతమును అడ్డము పెట్టుకొని అధికారము కోరువారితో.

పీడనమనగా నేమో ఆ దేశచరిత్రయే చెప్పగలదు. 1660లో బోస్టను నగరమున మేరీ డయ్యరను స్త్రీని ఉరితీసిరి. క్వేకరు శాఖను అవలంబించి, ఆ వలసనుండి బహిష్కరింపబడియు మరల అచటికి వచ్చుట ఆమె చేసిన నేరము. ఉరితీసినవారును క్రైస్తవులే. 1838లో మిస్సోరీ రాష్ట్రపు గవర్నరు, మార్మను మతస్థులను రాష్ట్రమునుండి వెడలగొట్టవలెను, లేదా నిర్మూలింపవలెనని ఉత్తరువు చేసెను. 1844లో వారి ప్రవక్తయైన జోసెఫ్ స్మిత్తును ఇల్లినాయి రాష్ట్రమున చెరసాలలో నుండగనే మూక జొరబడి కాల్చి చంపెను. ఆ యేటనే ఫిలడెల్ఫియాలో కాథలిక్కుల చర్చిలు తగులబడెను.

మనకు దగ్గర కాలపు ఉదాహరణము మరొకటి. యెహోవా సాక్షులను ఒక చిన్న శాఖవారు దేవునికి దక్క మరి దేనికిని వందనము చేయరాదని నమ్మువారు. వారి పిల్లలు పాఠశాలలో జెండాకు వందనము చేయనందున వెళ్ళగొట్టబడిరి. 1940లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఆ వెళ్ళగొట్టుట సబబేయనెను. తీర్పు వెలువడిన పిమ్మట అనేక ఊళ్ళలో మూకలు ఆ శాఖవారిని పట్టి కొట్టినవి. మూడేండ్లకు, 1943లో, ఆ న్యాయస్థానమే తన తప్పు దిద్దుకొనెను. ఈ కథ అంతటితో ముగియలేదు. 1985లో కేరళమున ఇదే శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతము పాడలేదని బడినుండి తీసివేయబడిరి. వారు గీతమును అవమానింపలేదు. అందఱితో పాటు లేచి మర్యాదగా నిలిచిరి. పాడుటకు మాత్రము వారి అంతరాత్మ ఒప్పలేదు. 1986లో మన సుప్రీముకోర్టు ఆ పిల్లలను బడిలో చేర్చుకొనవలసినదని తీర్పు చెప్పెను. ఆ తీర్పు వ్రాసినవారు తెలుగువారును, ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండినవారును అగు ఓ. చిన్నప్పరెడ్డిగారు. 1943 నాటి అమెరికా తీర్పునుగూడ వారు చర్చించిరి. మన సంప్రదాయము, మన తత్త్వము, మన రాజ్యాంగము మూడును సహనమునే బోధించుచున్నవనియు, దానిని పలుచన చేసికొనరాదనియు వారు ఆ తీర్పును ముగించిరి.

ఈ ఉదాహరణములన్నిటిలో సామాన్యలక్షణ మొకటి కలదు. ఇతరులకు దొరకునది వీరికి దొరకలేదు. అందఱి పిల్లలు చదువుకొను బడిలో ఆ ముగ్గురు పిల్లలకు చోటు లేదు. అందఱు బ్రదుకు రాష్ట్రములో మార్మనులకు బ్రదుకు లేదు. సమానమైన హక్కు తన విశ్వాసము కారణముగా పోవుట పీడనము. ఈ కొలబద్ద చేతబట్టి నేటి ఫిర్యాదులను కొలిచి చూతము.

మొదటి ఫిర్యాదు, బడులనుండి దేవుని వెళ్ళగొట్టిరని. జరిగిన దేమి? న్యూయార్కు రాష్ట్రపు విద్యామండలివారు తామే ఒక ప్రార్థన కూర్చి బడులలో చెప్పింపసాగిరి. 1962లో అత్యున్నత న్యాయస్థానము, ప్రార్థనలు కూర్చుట ప్రభుత్వపు పని కాదని ఆపెను. మరుసటి సంవత్సరము, బడి నడుపువారు బైబిలు పఠనముతో దినము ప్రారంభించుటను గూడ ఆపెను. పిల్లవాడు తనంతట తాను కన్నులు మూసికొని ప్రార్థించుటను ఏ న్యాయస్థానమును నిషేధింపలేదు. యూదుల పిల్లలచేతను, నాస్తికుల పిల్లలచేతను మీ ప్రార్థన చెప్పించు పెత్తనము మాత్రమే పోయినది.

ప్రభుత్వమునకును మతమునకును నడుమ గోడ ఉండవలెనను మాట నాస్తికులు కల్పించినదని వీరు నేడు నిందించుచున్నారు. ఆ గోడ కొఱకు మొఱపెట్టినవారెవరు? కనెక్టికటు రాష్ట్రమున వేరొక క్రైస్తవ శాఖ ప్రభుత్వమతముగా నున్న దినములలో డాన్‌బరీ ఊరి బాప్టిస్టులు తమ స్వేచ్ఛ ఇతరులు పెట్టిన భిక్షవలె నున్నదని జెఫర్సనుకు విన్నవించుకొనిరి. 1802లో ఆయన వారికి వ్రాసిన జాబులోనే ఆ గోడ మాట కలదు. అల్పసంఖ్యాకులుగా నున్నప్పుడు తాతలు కోరి తెచ్చుకొన్న గోడను, సంఖ్య పెరిగిన పిమ్మట మనుమలు పడగొట్టబూనిరి.

రెండవ ఫిర్యాదు క్రిస్మసుపై యుద్ధము జరుగుచున్నదని. అంగడివాడు "క్రిస్మసు శుభాకాంక్షలు" అనక "పండుగల శుభాకాంక్ష" లన్నచో అది యుద్ధమట! 2015లో ఒక కాఫీ కంపెనీ తన ఎఱ్ఱ గిన్నెలపై క్రిస్మసు బొమ్మలు వేయలేదని పెద్ద అలజడి లేచినది. ఆ పండుగ 1870నుండి ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. దానిని నిజముగా నిషేధించిన కాల మొకటి లేకపోలేదు. 1659 మొదలు 1681 వరకు మసాచుసెట్సు వలసలో క్రిస్మసు జరుపుకొన్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా. ఆ చట్టము చేసినవారు ప్యూరిటనులు, పరమ నిష్ఠాగరిష్ఠులైన క్రైస్తవులు.

మూడవ ఫిర్యాదును గూర్చి కొంత విపులముగా వ్రాసెదను. ఏలయన అది నా వృత్తికి సంబంధించినది. కెంటకీ రాష్ట్రమున రోవను కౌంటీలో కిం డేవిస్ అను ఆమె కౌంటీ గుమాస్తాగా ఎన్నికై యుండెను. వివాహపు లైసెన్సు లిచ్చుట ఆ పదవికి చెందిన పని. 2015 జూనులో అత్యున్నత న్యాయస్థానము స్త్రీపురుషులకు వలెనే ఒకే లింగమువారి వివాహమునకును సమానహక్కు కలదని తీర్పు చెప్పెను. అది తన విశ్వాసమునకు విరుద్ధమని ఆమె ఎవరికిని లైసెన్సు లిచ్చుట మానివేసెను. ఇయ్యవలసినదని న్యాయస్థానము ఆజ్ఞాపించినను ఇయ్యలేదు. ధిక్కారమునకై సెప్టెంబరులో ఆమెను ఐదు దినములు చెఱలో నుంచిరి. వెంటనే దేశమంతట గగ్గోలు పుట్టెను. అధ్యక్షపదవికి పోటీచేయుచున్న హకబీ, క్రైస్తవమును నేరముగా మార్చుచున్నారని ప్రచారము చేయుచు ఆమె విడుదలనాటి సభలో ప్రక్కన నిలిచెను.

నేను ముప్పది యేండ్లకు పైగా ఒక రిజిస్ట్రేషను కచేరిలో గుమాస్తాగా పనిచేసితిని. 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము క్రింద నోటీసులు వచ్చునప్పుడు వానిని పుస్తకమున నెక్కించి, ముప్పది దినములు కచేరిలో బోర్డుపై అంటించుట నా పనులలో నొకటి. ఒకసారి మా దగ్గరి చుట్టముల పిల్ల కులాంతర వివాహమునకై నోటీసు ఇచ్చినది. నిజము చెప్పవలెనన్న, ఆనాడు ఆ పెండ్లి నాకును ఇష్టము లేదు. కాగితము అంటించి ఇంటికి చేరునప్పటికే మా పెదనాన్నగారు వీధి అరుగుమీద కూర్చుండి యుండిరి. "ఒరే, నీ చేతులతో ఆ కాగితము ఎట్లా అంటించినావురా?" అని అడిగిరి. "అంటించింది నా చేయి కాదు పెదనాన్నా, కచేరి చేయి" అంటిని. ఆయన నాతో రెండు నెలలు మాటలాడలేదు. ఆ పిల్ల నేడు ఇద్దరు బిడ్డల తల్లి. పండుగకు మా యింటికి వచ్చుచుండును.

గుమాస్తా యెదుట నిలిచినవాడు గుమాస్తా దీవెన కోరి రాలేదు. చట్ట మిచ్చిన కాగితము కోరి వచ్చినాడు. ముద్ర ప్రభుత్వముది, జీతము ప్రజలది. నా విశ్వాసము నా యింట, నా గుడిలో, నా నోట నిక్షేపముగా నుండవచ్చును. దానిని తెచ్చి కచేరి బల్లపై పెట్టి, అవతలివాని హక్కునకు తాళము వేసినచో అది భక్తి కాదు, అధికార దుర్వినియోగము. ఆమెకు అంతరాత్మ అడ్డుపడినచో సహాయకులచేత పని చేయింపవచ్చునుగదా! తుద కదియే జరిగినది. ఆమె చెఱలో నుండగా సహాయకులు లైసెన్సు లిచ్చిరి. 2016లో కెంటకీ శాసనసభ ఆ పత్రమునుండి గుమాస్తా పేరునే తీసివేసెను. ఇట్లు ఆమె అంతరాత్మకును చోటు దొరకెను, వివాహార్థుల హక్కును నిలిచెను. ఎక్కడను పీడకుడు కానరాడు. అయినను పీడనమను కేక ఆగలేదు; 2025 నవంబరులో అత్యున్నత న్యాయస్థానము ఆమె అర్జీని త్రోసివేయువరకు వ్యాజ్యము సాగుచునే యుండెను.

వారికి ఎన్నడును అన్యాయము జరుగలేదని నే ననను. ఎదుటివాని మాటలో నిజమున్నచో ఒప్పుకొనుట వాదధర్మము. కొలరాడోలో ఇద్దరు పురుషుల పెండ్లికి కేకు చేయననిన దుకాణదారుని వ్యాజ్యమున, విచారించిన ప్రభుత్వ కమిషను సభ్యులు అతని విశ్వాసమును చులకన చేసి మాటలాడిరి. అది తప్పు. 2018లో అత్యున్నత న్యాయస్థానము ఏడుగురికి ఇద్దరుగా అతని పక్షమున తీర్పు చెప్పెను. కోవిడు దినములలో న్యూయార్కు గవర్నరు ప్రార్థనామందిరములపై విధించిన పరిమితులను 2020 నవంబరులో ఆ న్యాయస్థానమే ఆపెను. 2021లో ఫిలడెల్ఫియా కాథలిక్కు సంస్థకు తొమ్మిదిమంది న్యాయమూర్తులును ఏకగ్రీవముగా అనుకూలించిరి. 2022లో మైదానమున మోకరిల్లి ప్రార్థించిన ఫుట్‌బాలు శిక్షకుడు గెలిచెను. ఇట్లు వరుసగా రాజద్వారమున గెలుచువారు పీడితులని ఏ దేశమునను అనరు. తప్పు జరిగినచో దిద్దుకొను దారి తెఱచియున్నదనుటకు ఇవి సాక్ష్యములు.

ఆ న్యాయము అందఱికిని ఇట్లే దొరకెనా? 1990లో ఇద్దరు మాదకద్రవ్య చికిత్సా సలహాదారులు, అమెరికా ఆదివాసుల చర్చి ఆచారము ప్రకారము పెయోటి యను మొక్కను సేవించినందున ఉద్యోగము పోగొట్టుకొని, నిరుద్యోగ భృతికై అడుగగా, సామాన్యచట్టమునుండి మతము పేర మినహాయింపు లేదని అత్యున్నత న్యాయస్థానము త్రోసివేసెను. ఆ తీర్పు వ్రాసిన స్కాలియా సంప్రదాయవాదులకు ఆరాధ్యుడు. అట్టి చిన్నవారిని కాపాడుటకై అన్ని పక్షములును కలిసి 1993లో ఒక చట్టము చేసినవి. 2014లో ఆ చట్టపు నీడను గెలిచినదెవరు? ఐదువందల దుకాణములును, పదమూడువేలకు పైగా ఉద్యోగులును గల హాబీ లాబీ కంపెనీ. తన స్త్రీ ఉద్యోగుల భీమాలో కొన్ని గర్భనిరోధక సాధనములు చేర్చ నక్కఱలేదని అది గెలిచినది. పేదవానికై కట్టిన చలిపందిరిలో ఏనుగు వచ్చి పండుకొన్నట్లైనది.

ఈ యేడుపు ఎక్కడ మొదలైనదో కొంత పరిశీలింపవలెను. దక్షిణ కరోలినాలోని బాబ్ జోన్సు విశ్వవిద్యాలయము, తెల్లవారును నల్లవారును కలిసి తిరుగరాదని బైబిలు పేరుమీద నిబంధన పెట్టెను. జాతిభేదము పాటించు విద్యాలయములకు పన్ను మినహాయింపు లేదని ప్రభుత్వమనగా, మతస్వేచ్ఛకు భంగమని వారు వ్యాజ్యమాడిరి. 1983లో ఎనిమిదిమంది న్యాయమూర్తులు వారికి ప్రతికూలముగాను, ఒక్కరు అనుకూలముగాను తీర్పు చెప్పిరి. 2000లో ఆ నిబంధనను విద్యాలయమే ఎత్తివేసెను. ఆనాడు పీడితుడెవరు? పన్ను కట్టవలసివచ్చిన విశ్వవిద్యాలయమా, తెల్లపిల్లతో కలిసి నడువరాదని ఆజ్ఞాపింపబడిన నల్ల విద్యార్థియా?

ఇక బలాబలములు చూతము. ప్యూ పరిశోధన సంస్థ లెక్కల ప్రకారము ఆ దేశపు వయోజనులలో నూటికి 62మంది క్రైస్తవులు. 2025లో కొలువుదీరిన కాంగ్రెసు సభ్యులలో నూటికి 87మంది క్రైస్తవులు. 1956నుండి ఆ దేశపు అధికార నినాదమే దేవునియందు విశ్వాసమును చాటునది. అయినను 2017లో పబ్లిక్ రిలిజియన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌వారు విచారింపగా, తమ దేశమున క్రైస్తవులపై వివక్ష మెండుగా నున్నదని తెల్ల ఇవాంజెలికల్ ప్రొటెస్టెంటులలో నూటికి 57మంది చెప్పిరి. ముస్లిములపై అట్లున్నదని చెప్పినవారు 44మందియే. ఆ సంవత్సరము జనవరిలోనే ముస్లిములు అధికముగా గల ఏడు దేశములవారిని రానీయరాదని అధ్యక్షుని ఉత్తరువు వెడలినది! 2012లో విస్కాన్సిను రాష్ట్రమున ఓక్‌క్రీకు గురుద్వారములో మన సిక్కు సోదరులు కాల్చి చంపబడిరి. 2018లో పిట్స్‌బర్గు యూదుల మందిరమున పదకొండుగురు చంపబడిరి. ఆ నగరపు శివారుననే 1976లో ప్రతిష్ఠింపబడిన శ్రీవేంకటేశ్వరాలయమునకు మన పిల్లలు పోవుచుందురు. ఆ ఆలయము నిలిచియున్నది, ఏ మతమునకును పెత్తనమీయని రాజ్యాంగపు నీడనే.

2025 ఫిబ్రవరి 6వ తేదీన అధ్యక్షుడు ట్రంపు, క్రైస్తవ వ్యతిరేక పక్షపాతమును నిర్మూలించుటకై అటార్నీ జనరలు ఆధిపత్యమున ఒక దళమును నియమించెను. దానికి ముందు నెలలోనే, పదవి స్వీకరించిన దినమున, శరణార్థుల ప్రవేశమును నిలిపివేసెను. ఈ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. దేశదేశములలో విశ్వాసము కారణముగా తఱుమబడి ఆ తలుపు తట్టువారిలో క్రైస్తవులును కలరు. ఇంటిలో సుఖముగా నున్న క్రైస్తవునికి రక్షకదళము. వాకిట ప్రాణములు అఱచేత బట్టుకొని నిలిచిన క్రైస్తవునికి మూసిన తలుపు!

నిజముగా పీడింపబడిన క్రైస్తవులు లేరా? ఉన్నారు, మన యెదుటనే ఉన్నారు. ఒడిస్సాలోని మన చదువరులకు నేను చెప్పనక్కఱలేదు. 1999 జనవరిలో కుష్ఠురోగులకు సేవచేయుచున్న గ్రాహం స్టెయిన్సును, ఆయన ఇద్దరు చిన్న కుమారులను మనోహరపురమున బండిలో నిదురించుచుండగా సజీవదహనము చేసిరి. 2008లో ఒక స్వామి హత్య జరిగిన పిమ్మట, కంధమాల్ జిల్లాలో ఆ హత్యతో ఏ సంబంధమును లేని పేద క్రైస్తవుల ఇండ్లు వేలకొలదిగా తగులబడెను. ముప్పదిమందికి పైగా మరణించిరి. జనము అడవులలో తలదాచుకొనిరి. పాకిస్తానమున ఆసియా బీబీ అను కూలిస్త్రీ దైవదూషణ నేరముపై 2010లో మరణశిక్ష పొంది, 2018లో నిర్దోషియని తేలువరకు చెఱలోనే మ్రగ్గెను. కాఫీ గిన్నెపై బొమ్మ లేకపోవుటకును, కంధమాల్ అడవిలో రాత్రి గడపిన తల్లి భయమునకును ఒకే మాట వాడుట ఎంతటి అపచారము! నాన్నా పులి యని వేళాకోళముగా అఱచిన బాలుని కథ మన మెఱుగుదుము. ఇచట అఱచువాడొకడు, పులి నోట పడువాడు మరొకడు.

ఇంతదూరము వచ్చి మన ముఖము మనము అద్దమున చూచుకొనకుండుట న్యాయము కాదు. 1953 అక్టోబరున బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినప్పుడు, కచేరిలో తెలుగు అర్జీ చెల్లదనియు, సంతలో బోర్డులు కన్నడమున వెలసినవనియు మన పెద్దలలో కొందఱు అణచివేత యని వాపోయిరి. అందులో కొంత నిజమైన బాధ. కొంత మాత్రము పోయిన పెత్తనముకై పెట్టిన కన్నీరు. కన్నడదేశమున కన్నడము ముందుండుట మనకు పీడనము కాదు. కాని తెలుగు బడికి ఉపాధ్యాయుని వేయకుండుట, పాఠ్యపుస్తకములు పంపకుండుట, పిల్లలున్నను తరగతి ఎత్తివేయుట – ఇవి హక్కునకు భంగములు; రాజ్యాంగపు 29, 30, 350ఎ అధికరణములు మన పక్షమున నున్నవి. తమిళనాట 2006 నాటి చట్టమువలన తమిళమే మొదటి భాషగా తప్పనిసరి కాగా, మాతృభాషలో పదవ తరగతి పరీక్ష వ్రాయుటకై మన పిల్లలు న్యాయస్థానము మెట్లెక్కవలసివచ్చెను. అది న్యాయమైన మొఱ. అట్టి మొఱ నలుగురు ఆలకింపవలెనన్న, మనము అల్పవిషయములకు అదే కేక వేయరాదు.

మన సంఘముల తీర్మానములలో అణచివేత యను మాట వ్రాయుటకు ముందు కార్యదర్శులు ఒక్క క్షణము కలమాపి ప్రశ్నించుకొనవలెనని నా ప్రార్థన: మనము కోరునది పొరుగువానికిని ఇచ్చుటకు సిద్ధమా? సిద్ధమైనచో అది హక్కు; నిర్భయముగా వ్రాయుడు, చివరివరకు పోరాడుడు. పొరుగువానికి లేనిది మనకు మాత్రమే కావలెనన్నచో అది పెత్తనము. ఆ కాగితము చింపివేయుడు. అమెరికాలో ఈ ప్రశ్న వేసికొనక మతమునకు తలవంపులు తెచ్చుకొన్నవారిని చూచియైనను, మన భాషకు అట్టి తలవంపులు రాకుండ కాపాడుకొందము.